బాపు పెట్టిన కోత తీర్మానం

కంటి ఆపరేషన్ కోసమని మా మేనమామ కూతురు గంగవ్వ ఈ మధ్య నిజామాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. బీపీ ఎక్కువగా ఉంది, నాలుగు రోజులాగి రమ్మన్నాడు డాక్టరు. ఊరికే కూర్చుంటే గంగవ్వకు కాళ్లు పీకుతాయి. నా ఇంట్లో చేయడానికి పనేమీ దొరక్క, మంచం కింది రేకు పెట్టెను బయటికి లాగింది. "చెదలు పట్టిందేమో సూద్దామే. ఎన్నేండ్లాయె గిది తెరవక" అంది. అది మా బాపు పెట్టె, నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన పోయాక నా వాటాకు వచ్చింది అదొక్కటే. తమ్ముళ్లు దాని మీద ఆశపడలేదు, నేను దాన్ని తెరవలేదు. ఇప్పుడు తెరిస్తే నల్ల షేర్వాణీ, ఒక కాలు విరిగిన కళ్లద్దాలు, అట్టలూడిన రెండు బడ్జెట్ పుస్తకాలు, దారంతో కట్టిన కాగితాల కట్ట బయటపడ్డాయి. కాగితాల నిండా ఉర్దూ అక్షరాలే. వాటిలో ఒక కాగితం అడుగున పసుపు మరక ఉంది. "గీ పసుపు యాడిదే?" అని అడిగింది గంగవ్వ. అది మా నాయనమ్మ చెయ్యి.

మా బాపు బోధన్‌లో వకీలు. రాష్ట్రాలు కలిసిన తర్వాత కొన్నేళ్లకు ఏ పార్టీ జెండా లేకుండా నిలబడి అసెంబ్లీకి గెలిచాడు. నిజాం జమానాలో చదువుకున్న మనిషి కాబట్టి ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు ఆయన నోట్లో ఉండేది గానీ చేతిలో ఉండేది కాదు. దుకాణాల బోర్డులు కూడబలుక్కొని చదివేవాడు, ఉత్తరం రాయాలంటే మాత్రం ఉర్దూనే. అసెంబ్లీలో మొదటి ఏడు ఉర్దూలోనే మాట్లాడాడట. అటు సర్కారు జిల్లాల సభ్యులు "ఏమంటున్నారండీ?" అని పక్కవాళ్లను అడగడం చూసి, ఇలా అయితే లాభం లేదని తెలుగుకు మారాడు. అయితే ఆ తెలుగును ఉర్దూ అక్షరాల్లో రాసుకునేవాడు. ఉర్దూలో 'ళ' లేదు, అందుకని 'నీళ్లు' అని రాయాల్సిన చోట 'నీలు' అని రాసి, చదివేటప్పుడు సరిచేసుకునేవాడు. ఇంట్లో ఆ అక్షరాలు ఆయనకు తప్ప ఎవరికీ రావు. మా అమ్మకు ఏ అక్షరాలూ రావు. మేం అమ్మను అవ్వ అనేవాళ్లం.

బడ్జెట్ కాలమూ చెరకు గానుగ కాలమూ ఒకేసారి వచ్చేవి. మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీకి పోయే బాట మీద. తెల్లవారకముందు నుంచే చెరకు బండ్లు వరస కట్టేవి. ఎడ్ల మెడగంటలు, బండివాళ్ల బీడీల కంపు, మరిగే రసం తియ్యటి వాసన, దాని వెనకే మడ్డి పులిసిన వాసన, అన్నీ కలిసి ఇంట్లోకి వచ్చేవి. చిమ్నీ నుంచి నల్లటి నుసి రాలేది. అవ్వ ఉతికిన ధోవతులను నడింట్లో ఆరేసి, "తీపి తినేటోళ్లు యాడనో ఉన్నరు, మసి మాత్రం మన నెత్తిమీదనే" అని సణిగేది. శనివారం మధ్యాహ్నం బాపు హైదరాబాద్ నుంచి బడ్జెట్ పుస్తకం చంకలో పెట్టుకొని దిగేవాడు. ఆదివారం పొద్దున చాయ్ తాగాక నన్ను పిలిచేవాడు. ఆర్థికమంత్రి తెలుగు ప్రసంగాన్ని నేను గట్టిగా చదివి వినిపించాలి. అప్పుడు నేను ఏడో తరగతి. 'ప్రణాళికేతర వ్యయం' అని చదివితే "అంటే?" అని అడిగేవాడు. నాకు తెలిస్తే కదా! "సరే, పో ముందుకు. మంత్రికి సుత తెలువది గావొచ్చు" అని నవ్వేవాడు. నిజామాబాద్ అనే మాట కనిపిస్తే వేలు పెట్టి ఆగాలి, అది మా షరతు. పుస్తకమంతా తిరగేసినా నా వేలు మహా అయితే మూడుసార్లు ఆగేది.

ఆ తర్వాత మా ఇంట్లో అసెంబ్లీ కూర్చునేది. ఇది బాపు పెట్టిన ఆచారం. మంచంలో దిండుకు ఆనుకొని కూర్చున్న నాయనమ్మ స్పీకరు. బాపు పంచె సర్దుకొని నిలబడి "అధ్యక్షా!" అనేవాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచే వినేది. అసెంబ్లీలో ఆయనకు దొరికే సమయం కొద్దిపాటిదే కాబట్టి, పొయ్యి మీద అన్నం పొంగు వచ్చేసరికి ప్రసంగం అయిపోవాలి. పొంగు రాగానే అవ్వ మూత చప్పుడు చేసేది, నాయనమ్మ చేతికర్రతో నేలను కొట్టి "ఇగ కూసో కొడుకా" అనేది. నచ్చితే "పాసైంది" అనేది. నచ్చకపోతే "గీ మాట నేను గూడ చెప్తగదరా, గంత దూరం పోవుడెందుకు?" అనేది. బాపు మళ్లీ రాసుకునేవాడు. అంత మంది మంత్రులను ఎదిరించిన మనిషి మా నాయనమ్మ కర్ర చప్పుడుకు మాత్రం నోరు మూసుకునేవాడు.

మా మేనమామ సాయన్న ఊరు వర్ని దాటి లోపలికి, కాలువ కొసకు ఉంటుంది. అవ్వకు ఒక్కడే తమ్ముడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతుల దగ్గర చెరకు సాగు నేర్చుకున్నాడు. మూడేళ్లు బంగారంలా పండించాడు. మొదటి బండి ఫ్యాక్టరీకి వచ్చిన రోజు మా వాకిట ఆపి, చెరకు గడల మోపు దించి, "అక్కా, నీ తమ్ముడు పటేలైండే" అని అరిచాడు. తర్వాత కాలువ పూడిక పడింది. తూము ఎత్తినా నీళ్లు కొసకు చేరేవి కావు. రెండు ఎండాకాలాలు చెరకు నిలువునా వాడింది. మామ వచ్చి అరుగు మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ముందటోళ్లు నీళ్లు మలుపుకుంటున్నరు బావా."

"ముందర కూసున్నోడు తినకుంట ఎట్లుంటడు సాయన్నా? వాళ్ల తప్పు గాదు. కొసదాంక పారేటట్టు చెయ్యకపోవుడు సర్కారు తప్పు."

"వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఏంగాదంటరు. నువ్వున్నవని ధైర్నంగ కూసున్నం. ఈ ఏడు గూడ ఎండితే చెరుకు పీకేసుడే. పొల్లను బడి మాన్పిచ్చి కూలికి తోలాలె."

ఆ పొల్ల గంగవ్వే. అప్పుడు రెండో తరగతి. పొయ్యి దగ్గర అవ్వ చెయ్యి ఆగిపోవడం నేను చూశాను. ఆ రాత్రి అన్నాలప్పుడు బాపుకు వడ్డిస్తూ ఒక్క మాటే అంది: "నాకు పుట్టింట్ల మిగిలింది వాడొక్కడే. అసెంబ్లీల నువ్వు ఇంకేమన్న అడుగు, అడగకపో. గీ నీళ్లు అడుగు." అవ్వ ఆయన్ను ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. "అడుగుత" అన్నాడు బాపు.

అడిగే పద్ధతి విచిత్రంగా ఉండేది. నీటిపారుదల పద్దు సభ ముందుకు వచ్చినప్పుడు, ఆ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని సభ్యుడు తీర్మానం పెడతాడు. దాన్ని కోత తీర్మానం అంటారు. డబ్బు తగ్గించాలని కాదు, మీ పని బాగా లేదని చెప్పడానికి అదొక దారి. మంత్రి లేచి 'పరిశీలిస్తాం' అంటాడు, సభ్యుడు తీర్మానం వాపసు తీసుకుంటాడు. అందరూ అంతే. ఈసారి మాత్రం వాపసు తీసుకోనన్నాడు బాపు. "ఓటుకు పెట్టమంట. ఓడిపోతది, నాకు ఎర్కనే. కని మన జిల్లా సభ్యులంత మన నీళ్లకు వద్దని పేర్లు రాయించుకోవాలె. గా సిగ్గుకు భయపడి వాళ్లే మంత్రిని పట్టుకుంటరు, సూడు" అన్నాడు. కోర్టు ఎత్తుగడలు తెలిసిన మనిషి. మాకు అదొక బ్రహ్మాస్త్రంలా కనిపించింది. మామతో వచ్చిన భూమన్న తాతకు మాత్రం తల తిరిగిపోయింది. "నీళ్లకిచ్చే పైసలు తగ్గియ్యుమంటే నీళ్లెట్ల వస్తయి పటేలా?" అన్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

పద్దు సభకు వచ్చే ముందు ఆదివారం మా ఇంట్లో అసెంబ్లీ నిండుగా జరిగింది. మామ, భూమన్న తాత, ఊరి నుంచి వచ్చిన మరో ఇద్దరు గోడకు ఆనుకొని కూర్చున్నారు. బాపు కాగితం పట్టుకొని చదివాడు. పూడిక గురించి, వాడిన చెరకు గురించి, కడబంతి గురించి. మామ మాటనే అందులో పెట్టాడు. చివరికి వచ్చేసరికి కాగితం మీది నుంచి తల ఎత్తి, గొంతు పెంచి, "ఒట్టి మాటలు విని ఈ తీర్మానాన్ని వాపసు తీసుకునేది లేదు. ఓటుకు పెట్టండి అధ్యక్షా!" అన్నాడు. అన్నం పొంగి పొయ్యిలో పడింది, అవ్వ మూత చప్పుడు చేయడమే మరిచిపోయింది. మామ తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడే కాళ్లకు పసుపు రాసుకుంటున్న నాయనమ్మ, "ఇటు తే కొడుకా" అని ఆ కాగితం తీసుకొని, తడి పసుపు చేతిని దాని మీద అద్ది, "పాసైంది" అంది.

బుధవారం చర్చ. మామకూ ఆ ముగ్గురికీ బాపు పాసులు ఇప్పించాడు. పై గ్యాలరీలో కూర్చొని చూశారు. శనివారం బాపు వచ్చాడు, వెనకే వాళ్లూ వచ్చారు. "ఏమైంది?" అంది అవ్వ, నీళ్ల చెంబు చేతికిస్తూ. బాపు కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "మంత్రి నిండు సభల మాటిచ్చిండు. వచ్చే సాలు పూడిక తీపిస్తమన్నడు. మాటిచ్చినంక ఓటు అడుగుడు మర్యాద గాదు. వాపసు తీసుకున్న." అవ్వ తమ్ముడి వైపు చూసింది. మామ తలపాగా చుట్టుకుంటూ, "గాళ్ల తరీఖా, గాళ్ల పద్ధతి మనకేం సమజైతది అక్కా. బావ మంచిగనే మాట్లాడిండు" అన్నాడు. ఆ పూట అన్నం తినకుండానే ఊరికి పోయాడు. బస్సు వేళైందన్నాడు.

మంత్రి మాట మాటగానే పోయింది. మరుసటి ఏడు పూడిక తీయలేదు, ఆపై ఏడూ తీయలేదు. మామ చెరకు పీకేసి జొన్న వేశాడు. గంగవ్వ బడి మాని కూలికి పోయింది. గానుగ కాలంలో మామ బండి మాత్రం మా ఇంటి ముందు వరసలో కనిపించేది, దాని మీద ఉన్నది వేరేవాళ్ల చెరకు. దిగి మంచినీళ్లు తాగి పోయేవాడు. మా చిన్న తమ్ముడు ఒకసారి గడ అడిగితే, "ఇది మనది గాదు బిడ్డా, ఇయ్యరాదు" అన్నాడు. ఆయన బండి కదిలిన ప్రతిసారీ అవ్వ వాకిట నిలబడి ఆ మంత్రిని తిట్టేది. "నా తమ్ముని నోట్ల మన్ను గొట్టిండు, వాని నోట్ల మన్నువడ" అనేది. మంత్రి పదవి పోయింది, మనిషీ పోయాడు, అవ్వ తిట్లు మాత్రం పోలేదు. ఆమె తిడుతున్నప్పుడు బాపు కంచంలోకి చూస్తూ తినేవాడు. ఎంతమంది మీద ఎన్ని ఛలోక్తులు విసిరేవాడో గానీ, ఆ మంత్రిని తిట్టేటప్పుడు ఒక్క మాట కలపలేదు. పెద్దమనిషి తరహా అనుకునేదాన్ని.

బాపు తీర్మానం పెట్టిన ఆ ఏడే మాకు ఇంకొకటి జరిగింది. బోధన్‌లో మా ఆడపిల్లల బడి ఏడో తరగతి వరకే ఉండేది. అంతటితో చదువు ఆపి నాకు సంబంధం చూడాలని నాయనమ్మ పట్టు. సరిగ్గా ఆ జూన్‌లో మా బడిని హైస్కూలు చేశారు. ఎనిమిదో తరగతి మొదటి రోజు బాపు కోర్టుకు పోకుండా, గొడుగు పట్టుకొని నన్ను గేటు దాకా తీసుకుపోయాడు. నేను లోపలికి పోయి తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ బడి నుంచే నేను కాలేజీకి పోయాను, తెలుగు పంతులమ్మనయ్యాను, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మా వీధిలో నాతోటి ఆడపిల్లలు పదకొండు మంది ఆ గేటు దాటారు. అది మా అదృష్టమని చాలాకాలం అనుకున్నాను.

ఇప్పుడు అసెంబ్లీ టీవీలో వస్తుంది. గంగవ్వతో కలిసి ఆ నాలుగు రోజులూ చూశాను. కాగితాలు చింపుతారు, బల్లలు చరుస్తారు, పద్దులన్నీ ఒక్క గంటలో మూకుమ్మడిగా పాసైపోతాయి. నేను తల కొట్టుకొని, "మా బాపు కాలంల అట్ల గాదు. ఒక్క పద్దుకు వారం రోజులు రాసుకునేటోడు. మాటకు విలువుండె" అన్నాను. గంగవ్వ లేచి చాయ్ గ్లాసులు కడగడానికి పోయింది. మూడో రోజు, ఆ పసుపు కాగితం ఏం చెబుతుందో విందామని నేనే అన్నాను. నిజానికి వినాల్సిన అవసరం నాకు లేదు, ఆ ప్రసంగం నాకు కంఠతా వచ్చు. బాపు తెలుగును మళ్లీ ఒక నోటి నుంచి వినాలనిపించింది, అంతే. కొంత గొప్ప చూపించుకోవాలనే బుద్ధి కూడా ఉంది.

మా వెనక వీధిలో ఖైరున్నీసా టీచర్ ఉంటుంది. నాతోపాటు పనిచేసి రిటైరైన ఉర్దూ టీచర్. సాయంత్రం చాయ్‌కి పిలిచి కాగితం చేతికిచ్చాను. మొదట తడబడింది, తర్వాత దారి దొరికింది. "కొ-స-కు నీలు... ఆఁ, నీళ్లు! కొసకు నీళ్లు రాక చెరుకు వాడిపోతున్నది అధ్యక్షా..." చదువుతుంటే ఆమె గొంతులోంచి బాపు వచ్చాడు. కడబంతి వచ్చింది. నేను చివరి మాట కోసం ముందే పెదవులు కదిపాను, ఓటుకు పెట్టండి అని. ఖైరున్నీసా ఆగింది. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూసింది.

"అట్ల లేదు టీచర్. 'మంత్రిగారు ఇచ్చిన హామీని మన్నించి నా కోత తీర్మానం వాపసు తీసుకుంటున్నాను' అని ఉంది."

"తర్వాత హైదరాబాద్‌ల రాసిండు గావొచ్చు" అన్నాను.

ఆమె కాగితాన్ని నా వైపు తిప్పింది. నాయనమ్మ తడి చెయ్యి పడ్డది ఆ వాక్యం మీదే. తడికి సిరా అలుక్కుపోయింది, పసుపు ఆ అలుకులో కలిసిపోయింది. ఆ ఆదివారం పొద్దున ఆ వాక్యం అప్పటికే అక్కడుంది. మంత్రి హామీ ఇవ్వడానికి మూడు రోజుల ముందే. కళ్ల ముందు ఆ వాక్యం పెట్టుకొని, తల ఎత్తి, మాకు ఇంకొకటి వినిపించాడు. ఆ ఇంట్లో చదవగలిగేవాళ్లు ఎవరూ లేరని ఆయనకు తెలుసు.

"అంచున ఇంకొకటి ఉంది, అదే సిరా" అంది ఖైరున్నీసా మెల్లగా. "'ఆడపిల్లల హైస్కూల్, ఈ సాలుకే. మాట పక్కా.'"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. రెండూ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. పదకొండు మంది ఆడపిల్లలను తక్కెడలో ఒక పక్క వేసి, మామ ఊరిని ఇంకో పక్క వేసి తూచింది ఆయన. మొగ్గిన పక్క కూర్చున్నది నేను. అవ్వ కడదాకా వేరే మనిషిని తిట్టుకుంటూ పోయింది. ఖైరున్నీసా చాయ్ సగం వదిలేసి లేచిపోయింది. గంగవ్వ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

"గంగవ్వా, విన్నవా?" అన్నాను.

"విన్న. బడి ముచ్చట నాకు ఎర్క లేకుండె. తతిమ్మది ఎర్కనే."

"ఎట్ల ఎర్క?"

"మా బాపు గ్యాలరీల కూసోని సూసిండు గద. మీ బాపు మాట్లాడి, కాయిదం మడిసి జేబుల పెట్టుకోని, అద్దాలు తీసి కూసున్నంకనే మంత్రి లేసిండట. మంత్రి మాటిచ్చినంక మీ బాపు లేసి, కాయిదం తియ్యకుంటనే వాపసన్నడట. ఓటడిగేటోడు ముందుగాల్నే గట్ల మడుసుకోని కూసుంటడా? సదువు రానోనికి కాయిదం మడుసుడు సుత తెల్వదా?"

అంటే ఆ శనివారం మా ఇంట్లో అన్నం తినకుండా పోయింది బస్సు కోసం కాదు. "మరి అవ్వకెందుకు చెప్పలే?" అన్నాను.

"మేం గూడ అడిగినం. 'మా అక్క మంత్రిని తిట్టుకుంట బతకొచ్చు. మొగన్ని తిట్టుకుంట ఎట్ల బతుకుతది?' అన్నడు."

గంగవ్వ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని కాసేపు చూసింది. తర్వాత బాపు పెట్టిన మడతల మీదే మడిచి, నా చేతిలో పెట్టి, "రేపు దవఖానల కాయిదాలు నువ్వే నింపాలెనే" అంది.